ఉప్పు తక్కువైంది

జక్కయ్య తెచ్చిన సీసాలో చెరువు నీళ్ళు పచ్చగా చిక్కగా ఉన్నాయి. పద్మశ్రీ వాటిని వడగట్టి, కొలిచి, గాజు కుప్పెలో పోసి రంగుమందు రెండు చుక్కలు వేసింది. నీళ్ళు గులాబీ రంగుకి తిరిగాయి. నిలువు గాజుగొట్టంలోంచి మందుని చుక్క చుక్కగా దింపుతూ, ఎడమచేత్తో కుప్పెని తిప్పుతూ, గులాబీ నీలమయ్యే ఆ ఒక్క చుక్క కోసం కన్నార్పకుండా చూస్తోంది. ఆ చుక్క దాటిపోతే చేసిందంతా వృథా. మళ్ళీ మొదట్నించీ చెయ్యాలి.

"చెరువులో శీలావతి చేపలు రెండ్రోజుల్నించి మేత ముట్టట్లేదమ్మా. తొందరగా చూసి చెప్పు," అన్నాడు జక్కయ్య, స్టూలు మీద అటూ ఇటూ కదులుతూ.

"చూస్తన్నా బాబాయ్. నువ్వు ఊపిరి గట్టిగా వదలమాక, చెయ్యి కదుల్తంది."

బల్ల మీద ఫోను రెండుసార్లు వణికింది. పద్మశ్రీ తల తిప్పలేదు. నీలం రంగు వచ్చాక గొట్టం మీద గీత చూసి, అంకె రాసి, దాని కింద ఇంకో నాలుగు అంకెలు రాసి, ఎంత సున్నం చల్లాలో చెప్పి జక్కయ్యని పంపించింది. అప్పుడు ఫోను తీసింది.

సాత్విక్ ఒక పోస్టరు ఫొటో పంపాడు. సముద్రం ఒడ్డున వల ముందేసుకుని కూర్చున్న ముసలమ్మ, పక్కన మోకాళ్ళలో తల పెట్టుకున్న పిల్ల. పైన ‘తెలుగులో మొట్టమొదటి మాంగా – ఒడ్డు’ అని ఉంది. కింద, అన్నిటికంటే పెద్ద అక్షరాల్లో:

"ముందు తిను. ఏడుపెక్కడికి పోద్ది?"

పద్మశ్రీ దాన్ని రెండుసార్లు చదివింది. మూడోసారి చదివేసరికి చెవులు వేడెక్కాయి.

మాంగా అంటే జపాన్ వాళ్ళ బొమ్మల కథ. కుడి నించి ఎడమకి చదవాలి. ‘ఒడ్డు’ ఒక చిన్న ద్వీపంలో చేపలు పట్టుకుని బతికే అమ్మమ్మ, ఆమె మనవరాలి కథ. హయాసె తోమి అనే ఆవిడ గీసి రాసింది. హనుమాన్ జంక్షన్‌లో ఈ నీళ్ళ పరీక్షల ల్యాబులో పనిచేస్తూ, సొంతంగా జపనీస్ నేర్చుకుంటూ, పద్మశ్రీ దాన్ని మూడేళ్ళ కిందట తెలుగు చెయ్యడం మొదలుపెట్టింది. నెట్‌లో దొరికిన పేజీల మీద జపాన్ అక్షరాలు చెరిపేసి తెలుగు పెట్టే పని సాత్విక్‌ది. అతను కంకిపాడులో ఫ్లెక్సీలు డిజైన్ చేస్తాడు. ‘కొల్లేటి గట్టు’ అనే టెలిగ్రామ్ గ్రూపులో వారానికో అధ్యాయం పెట్టేవాళ్ళు. ఒక్కొక్కరే చేరి ఆరువేల మంది అయ్యారు. ఇద్దరూ ఎవరి దగ్గరా పైసా తీసుకోలేదు. ఎవరి అనుమతీ అడగలేదు.

పదిరోజుల కిందట విజయవాడ గోరింక ప్రచురణల వాళ్ళు ఉత్తరం పంపారు. తెలుగు హక్కులు మేం కొన్నాం, మీ ఫైళ్ళన్నీ తీసెయ్యండి అని. సాత్విక్ అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. పద్మశ్రీ మాత్రం "వాళ్ళు కొనుక్కున్నారు. మనం కొనలేదు," అని ఒక మధ్యాహ్నం అన్నం మానేసి కూర్చుని నూట నలభై అధ్యాయాలూ తీసేసింది.

ఇప్పుడు ఫోను మోగింది. సాత్విక్.

"చూశావా పద్మా? మన్ని దొంగలన్నారు. మన మాటే పోస్టరు మీదేశారు. ఇంకేం ఆలోచించొద్దు, ఫైళ్ళన్నీ నా దగ్గరున్నయ్. మళ్ళీ పెట్టేద్దాం. వాళ్ళ పుస్తకం ఒక్కటి అమ్ముడుపోతే అడుగు."

"పెట్టొద్దు."

"పెట్టొద్దా? అది నీ మాట. జపాన్‌లో లేదని నువ్వే చెప్పావు నాకు."

"అవును. నూట పన్నెండో పేజీ. స్కాన్‌లో మధ్య మడతలో పడి అక్షరాలు కనపళ్ళేదు. మా అమ్మ అనే మాట పెట్టాను."

"మరింకేం? దొంగ దొరికాడు."

"రుజువుండాలిగా. ఇంటి దగ్గర అసలు పుస్తకం ఉంది. చూసి చెప్తా. అందాకా ఏం చెయ్యమాక సాత్విక్, నా మీదొట్టు."

*

కొల్లేటి పక్కన వాళ్ళ ఊరు చేరేసరికి ఇంకా ఎండ ఉంది. వాకిట్లో వాళ్ళమ్మ పెద్దింట్లమ్మ కత్తిపీట ముందు కూర్చుని కట్టెపరిగెలు బాగుచేస్తోంది. వేళ్ళకి బూడిద అద్దుకుని, చేపని పట్టుకుని, ఒక్క ఊపులో పొలుసు లేపి గిన్నెలో పడేస్తోంది.

పద్మశ్రీ చెప్పులు విడిచి నేరుగా లోపలికి వెళ్ళి ట్రంకుపెట్టె తీసింది. డిసెంబర్లో జపనీస్ పరీక్ష రాయడానికి చెన్నై వెళ్ళినప్పుడు, అక్కడ పాతపుస్తకాలు అమ్మే ఒకావిడ దగ్గర కొన్న ‘ఒడ్డు’ మొదటి సంపుటం అది. అప్పటికే తను తొమ్మిదో సంపుటం చేస్తోంది. వెనక్కి వెళ్ళి చూసుకోవాలని అనిపించలేదు. గడప మీద కూర్చుని నూట పన్నెండో పేజీ తీసి, మడత దగ్గర పుస్తకాన్ని రెండు బొటనవేళ్ళతో విప్పింది.

తండ్రి పడవ తిరిగిరాని రోజు. పిల్ల మోకాళ్ళలో తల పెట్టుకుంది. అమ్మమ్మ చారు గిన్నె ముందు పెట్టింది. అమ్మమ్మ నోటి పక్కన, మాటల బుడగ లేకుండా, చేత్తో రాసిన చిన్న అక్షరాలు. ఆరంటే ఆరు. స్కాన్‌లో నీడగా కనపడింది ఇదే.

చదివింది. డిక్షనరీ అక్కర్లేదు. నేర్చుకున్న మొదటి నెలలో వచ్చే మాటలే.

‘ఉప్పు తక్కువైంది.’

అంతే. అమ్మమ్మ ఓదార్చలేదు. తినమనలేదు. ఏడవొద్దనీ అనలేదు. తన గిన్నెలో చారు రుచి చూసి ఉప్పు తక్కువైందంది. తర్వాతి పేజీలో మాటలే లేవు. పిల్ల లేచి ఉప్పుడబ్బా తెచ్చి ఇస్తుంది. అమ్మమ్మ అందుకుంటుంది. ఆ పిల్ల ఎందుకు లేచిందో మూడేళ్ళుగా పద్మశ్రీకి అర్థం కాలేదు. ఏదోలే, ఓదార్పు మాటకి కుదుటపడిందనుకుంది. ఆరువేలమందీ అలాగే అనుకున్నారు. ఆ మాటని స్టేటస్‌లు పెట్టుకున్నారు. ఒకతను బైకు మీద రాయించుకున్నాడు.

దొంగని పట్టుకోడానికని తీసిన పుస్తకం ఒళ్ళో బరువుగా ఉంది.

"ఏందే, ఆ మొహం?" అంది పెద్దింట్లమ్మ చేప మీంచి చూపు తిప్పకుండా.

పద్మశ్రీ చెప్పింది. పోస్టరు చూపించింది. పెద్దింట్లమ్మకి చదువు రాదు. కూతురు చదివి వినిపిస్తే చేతులు ఆగిపోయాయి.

"నా మాట బెజవాడలో గోడలకేశారా?"

"ఏశారు."

"మరి మంచిదేగా! నువ్వు డిగ్రీ తప్పిననాడు అన్నాగా నేనా మాట?"

"మంచిదే అమ్మా. కానీ అది ఆవిడ రాయలేదు. ఆవిడ రాసింది వేరే." పేజీ తిప్పి బొమ్మలు చూపించి, తండ్రి పడవ రాకపోవడం, చారు, ఉప్పు, పిల్ల లేవడం, అన్నీ వివరంగా చెప్పింది.

పెద్దింట్లమ్మ బూడిద చేతులు దూరంగా పెట్టుకుని పుస్తకం మీదికి వంగి చాలాసేపు చూసింది. మాటల్లేని పేజీ మీద ఆమె చూపు నిలిచిపోయింది.

"ముసల్ది గట్టిది," అంది చివరికి. "పిల్లకి పని చెప్పింది."

మళ్ళీ కత్తిపీట ముందు సర్దుకుని చేప అందుకుంది. "నాది పీకేయమను. నేను రోజూ అనే మాటేగా, యాడికి పోద్ది?"

*

గోరింక ప్రచురణల ఆఫీసు ఏలూరు రోడ్డులో ఒక స్టేషనరీ షాపు పైన. మెట్లకి రెండువైపులా పుస్తకాల కట్టలు పేర్చి ఉన్నాయి. ఒకళ్ళు ఎక్కుతుంటే ఇంకొకళ్ళు దిగడానికి లేదు. మంగళవారం పొద్దున పదింటికి పద్మశ్రీ ఆ మెట్లెక్కి, అసలు పుస్తకం ఉన్న సంచీని గుండెకి ఆనించుకుని, లోపల పెద్దబల్ల దగ్గర ప్రూఫులు దిద్దుతున్నావిడ ముందు నిలబడి, కొల్లేటి గట్టు నించి వచ్చానని చెప్పింది.

రామతులసికి యాభై దాటాయి. కళ్ళద్దాలు తాడుకి వేలాడుతున్నాయి. తండ్రి నడిపిన పాఠ్యపుస్తకాల గైడ్ల కంపెనీని పట్టుబట్టి పిల్లల పుస్తకాల వైపు తిప్పిన మనిషి.

"కొల్లేటి గట్టు అంటే మీరాండీ?"

"నేనూ ఇంకొకాయనా అండి."

"ఎవరో నలుగురు కాలేజీ కుర్రాళ్ళనుకున్నాను. కూర్చోండి. ఫైళ్ళు తీసేశారు, సంతోషం. ఇంకా ఏంటి?"

పద్మశ్రీ కూర్చోలేదు. పుస్తకం తీసి, నూట పన్నెండో పేజీ విప్పి, బల్ల మీద ఉన్న తెలుగు ప్రూఫు పక్కన పెట్టింది. "మీ పోస్టరు మీద వేసిన మాట ఈ పుస్తకంలో లేదండి. అక్షరాలు కనపడక నేను సొంతంగా రాశాను. జపనీస్‌లో లేదు, ఇంగ్లీషులోనూ ఉండదు. మా ఫైళ్ళలో తప్ప ఇంకెక్కడా లేదండి."

రామతులసి కళ్ళద్దాలు పెట్టుకుంది. కాసేపు రెండు పేజీల మధ్యా చూపు తిరిగింది. తర్వాత సొరుగులోంచి ఇంగ్లీషు పుస్తకం తీసి ఆ పేజీ వెతికింది. ఇంకా రెండుమూడు పేజీలు తిప్పింది. చేతిలో ఎర్రపెన్ను నెమ్మదిగా బల్ల మీద పెట్టింది.

"మా అనువాదకుడు రామకోటేశ్వరరావు గారు. నలభయ్యేళ్ళుగా అనువాదాలు చేస్తున్నారు. ఆయన ఇంగ్లీషు నించి చేశారనుకుంటున్నాను నేను. శుక్రవారం ప్రింటింగు. మీకేం కావాలో చెప్పండి. పేరు వెయ్యమంటారా?"

"ఆ మాట తీసెయ్యాలండి."

"ఏంటీ?"

"అది తప్పు. ఆవిడ రాయలేదు. ఉప్పు తక్కువైందని రాసింది. అదే వెయ్యాలి."

రామతులసి పద్మశ్రీ మొహంలోకి తేరిపార చూసింది. తను నవ్వాలో కోప్పడాలో తెలియనట్టు పెదవి కొరుక్కుంది. చివరికి కోపమే వచ్చింది.

"రెండేళ్ళండీ! టోక్యోకి ఉత్తరాలు రాసి రాసి నా ప్రాణం పోయింది. తెలుగులో ఎవరు చదువుతారని వాళ్ళడిగితే ఏం చూపించానో తెలుసా? మీ గ్రూపు చూపించాను. ఆరువేలమంది ఎదురుచూస్తున్నారని. దాంతో ఒప్పుకున్నారు. తీరా పుస్తకం వస్తోందని చెప్పగానే ఆ ఆరువేలమందే ఏమన్నారు? మేం చదివేశాంగా, అన్నారు. మీ వల్లే హక్కులొచ్చాయి. మీ వల్లే పుస్తకం అమ్ముడుపోదేమో. మిమ్మల్ని తిట్టాలో దణ్ణం పెట్టాలో నాకు తెలీట్లేదు. ఇప్పుడొచ్చి మాట మార్చమంటున్నారు."

రామతులసి ఒక ఫైలు లాగి అందులోంచి కాగితం ముందుకు తోసింది. నోటీసు పంపేటప్పుడు సాక్ష్యంగా ప్రింటు తీసిన కవరు పేజీ. కొల్లేటి గట్టు వాళ్ళ కవరు.

"ఆవిడ రాయలేదు, ఆవిడ రాయలేదు అంటున్నారు. ఇందులో ఆవిడ పేరెక్కడుందో చూపించండి."

పద్మశ్రీ చూసింది. ‘ఒడ్డు’ అని తెలుగులో అందమైన అక్షరాలు. మూలన గట్టు మీద కొంగ బొమ్మ, అది వాళ్ళ గుర్తు. అసలు కవరు మీద పుస్తకం పేరు పక్కనే నిలువుగా హయాసె తోమి పేరుండేది. జపాన్ అక్షరాలన్నీ చెరిపేటప్పుడు దాంతోపాటు అదీ పోయింది. నూట నలభై అధ్యాయాల్లో ఎక్కడా తిరిగి పెట్టలేదు. సాత్విక్ మర్చిపోయాడు. తనూ గమనించలేదు.

కుర్చీలో కూర్చుంది.

"లేదండి," అంది. "చెరిపేశాం."

ఆ మాట ఇంత సూటిగా వస్తుందని రామతులసి అనుకోలేదు. ఆమె కోపం నిలబడ్డానికి చోటు లేకుండా పోయింది. కాసేపటికి మామూలు గొంతుతో అడిగింది. "ఇలాంటి తప్పులు ఇంకెన్ని ఉన్నాయి ఈ పుస్తకంలో?"

"తెలీదండి. అప్పటికి నాకు జపనీస్ సగం సగం వచ్చు. కూర్చుని చూస్తే తేలుద్ది."

"కూర్చుంటారా?"

*

ల్యాబులో రెండు రోజులు సెలవు పెట్టింది. బుధవారం వచ్చేసరికి బల్లకి అవతల ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. తెల్లచొక్కా, చేతికర్ర, మందమైన కళ్ళద్దాలు. లేచి నిలబడబోయి, బల్ల అంచు సరిగ్గా కనపడక చేత్తో తడుముకున్నాడు.

"రామకోటేశ్వరరావునమ్మా."

పద్మశ్రీ దారి పొడుగునా అనాల్సిన మాటలు కూడబెట్టుకుని వచ్చింది. ఆ తడుముకునే చెయ్యి చూశాక అవి నోట్లోనే ఆగిపోయాయి.

"కళ్ళల్లో పొరలొచ్చాయి. ఇంగ్లీషు పుస్తకంలో అంత చిన్న అక్షరాలు కనపళ్ళేదు. ఆ సంగతి తులసమ్మతో చెప్పడానికి అభిమానం అడ్డొచ్చింది," అన్నాడాయన తలొంచుకుని. "మా కోడలు మీ ఫైళ్ళు ఫోన్లో చూపించింది. అందులో అక్షరం పెద్దది చేసుకోవచ్చు. పోల్చుకోడానికే అనుకున్నాను. పదో పేజీకొచ్చేసరికి నా వాక్యాలు మానేసి మీవి రాసుకుంటున్నాను. పేరు లేదు కదా, ఎవరిదీ కాదులే అని సరిపెట్టుకున్నాను. తప్పు చేశానమ్మా."

పేరు లేదు కదా. పద్మశ్రీకి నిన్నటి కవరు కళ్ళ ముందు కదిలింది.

"నేనూ అంతేనండి," అంది. తర్వాత సంచీలోంచి అసలు పుస్తకం తీసింది. "మొదట్నించీ చదువుతాను. మీరు ప్రూఫు వినండి. తేడా ఉన్నచోట ఆపుతా."

అలా మొదలుపెట్టారు. ఆమె జపనీస్ వాక్యం చదివి, దాని అర్థం మామూలు మాటల్లో చెప్పేది. రామతులసి ప్రూఫులో ఉన్నది చదివేది. రామకోటేశ్వరరావు కళ్ళు మూసుకుని వినేవాడు. తప్పు దొరికిన చోట ఎర్రసున్నా పడేది. పదిన్నరకి పన్నెండు సున్నాలున్నాయి. భోజనాల వేళకి ఇరవై ఆరు. ప్రతి సున్నా పద్మశ్రీదే. ఇరవై మూడో పేజీలో ముసలమ్మ కొరమీను పట్టుకొచ్చింది.

"ఆగండాగండి," అంది పద్మశ్రీ. మెడ దాకా ఎర్రబడింది. "కొరమీను చెరువు చేప. సముద్రంలో ఉండదు. మా గ్రూపులో వాళ్ళకి నచ్చుద్దని పెట్టేశా."

రామకోటేశ్వరరావు నవ్వాపుకోలేకపోయాడు. "చేపలవాళ్ళ అమ్మాయివి, నువ్వే సముద్రంలో కొరమీను వేశావు. చెరువు మొహం చూడని నేనేం పట్టుకుంటాను?" రామతులసి కూడా నవ్వింది. ఆ గదిలో ముగ్గురూ కలిసి నవ్వడం అదే మొదలు.

ఆయన ఉట్టినే వినడం లేదు. అర్థం సరిపోయిన చోట్ల కూడా ఆపేవాడు. "ఇక్కడ ‘సముద్రం వెనక్కి వెళ్ళింది’ అన్నావు. నీళ్ళు వెనక్కి తగ్గితే మీవాళ్ళు ఏమంటారు?" అని అడిగేవాడు. ఆమె చెబితే, "అదే రాయి. నీ నోట్లో ఉన్న మాట వదిలేసి పుస్తకం మాట ఎందుకు?" అనేవాడు. తన వాక్యాన్ని ఇంకొకరు ఇంత శ్రద్ధగా వినడం పద్మశ్రీకి ఎప్పుడూ తెలీదు. గ్రూపులో అందరూ ‘సూపర్ అక్కా, నెక్స్ట్ ఎప్పుడు’ అనేవాళ్ళే.

గురువారం మధ్యాహ్నానికి మొదటి సంపుటం పూర్తయింది. అరవై ఒక్క సున్నాలు.

"ఇవన్నీ ఈ సాయంత్రానికి దిద్దేస్తే రేపు ప్రింటుకి వెళ్ళిపోవచ్చు," అంది రామతులసి. కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు నలుపుకుంది. "పోస్టరు మారుస్తాను. అనువాదం మీ ఇద్దరి పేర్లూ వేద్దాం. అయిపోయింది."

రామకోటేశ్వరరావు తల అడ్డంగా ఊపాడు. "నా పేరు తీసెయ్ తులసమ్మా. మాట్లాడకు."

పద్మశ్రీ ఎర్రసున్నాల కాగితాలు సమంగా పేరుస్తోంది. "టోక్యో వాళ్ళకి చెప్పాలండి," అంది.

"ఏం చెప్పాలి?"

"జరిగిందంతా. ఇది మా ఫైళ్ళనించి వచ్చిందని. ఆ ఫైళ్ళు పెట్టింది నేనని."

రామతులసి నిటారుగా కూర్చుంది. "మీకర్థమవుతోందా? వాళ్ళు హక్కులు వెనక్కి తీసుకుంటే రెండేళ్ళ పని పోతుంది. తెలుగు అంటే ఇంక వాళ్ళు తలెత్తి చూడరు. తప్పులన్నీ దిద్దాంగా? పాఠకుడికి సరైన పుస్తకమే వెళ్తోంది. చెప్పకపోతే ఎవరికి నష్టం?"

"ఆవిడకి తెలీదు కదండీ."

"ఎవరికి?"

"రాసినావిడకి. మూడేళ్ళు ఆవిడకి తెలీకుండా చేశాను. అప్పుడు నాకు అది తప్పనిపించలేదు. ఇప్పుడు తప్పనిపించాక కూడా తెలీకుండానే చెయ్యమంటే నా వల్ల కాదండి. ఉత్తరం నేనే రాస్తాను, జపనీస్‌లో. నేరమంతా నా మీదే పెట్టుకుంటా. మీరు చదవలేరు కాబట్టి ప్రతి వాక్యం తెలుగులో చెప్తాను. మీరొద్దన్న వాక్యం ఉండదు. కానీ పంపాలి."

రామతులసి లేచి కిటికీ దగ్గరికి వెళ్ళింది. కింద ఏలూరు రోడ్డు హారన్లతో హోరెత్తుతోంది. ఎదురుగా ఆటో వెనక ఆమె వేయించిన పోస్టరే, ముసలమ్మా పిల్లా, ఆ పెద్ద అక్షరాలూ, సిగ్నల్ పడి ఆగి ఉన్నాయి. సిగ్నల్ మారి ఆటో కదిలిపోయేదాకా చూసింది.

తర్వాత ఫోను తీసి ప్రెస్సుకి చేసింది. "నాగబాబు గారూ, రేపు మా ప్లేట్లు చెయ్యొద్దండి. లేదు, వచ్చేవారం కూడా చెప్పలేను. మీ మెషీను ఖాళీగా పెట్టమాకండి, వేరే పని ఎక్కించుకోండి."

ఫోను పెట్టేసి, వెనక్కి తిరక్కుండానే అంది. "రాయండి."

*

ఉత్తరానికి సమాధానం సోమవారం వచ్చింది. మధ్యలో మూడు రోజులూ పద్మశ్రీ ల్యాబులో సీసాల మీద సీసాలు పరీక్ష చేసింది. కుప్పెలో రంగు మారేటప్పుడు తప్ప మిగతా సమయమంతా మనసు టోక్యోలోనే ఉంది.

ఈలోగా గ్రూపులో ఒక సందేశం పెట్టింది. ‘ముందు తిను, ఏడుపెక్కడికి పోద్ది అనే మాట హయాసె తోమి గారిది కాదు. అది మా అమ్మది. అసలు పుస్తకంలో వేరే ఉంది. నేను తప్పు చేశాను. మన పాత ఫైళ్ళు ఎవరి దగ్గరైనా ఉంటే దయచేసి తీసెయ్యండి.’ గంటలో నాలుగువందల జవాబులు. మీదే బాగుంది అక్కా అని కొందరు. కంపెనీకి అమ్ముడుపోయావా అని కొందరు. వేరే రెండు గ్రూపుల్లో పాత ఫైళ్ళు, కొంగ బొమ్మతో సహా, అప్పటికే తిరుగుతున్నాయని ఒకతను లింకులిచ్చాడు. తీసెయ్యమని వాళ్ళకి రాసింది. ఒకరు తీశారు. ఇంకొకరు నవ్వు బొమ్మ పంపి ఊరుకున్నారు. తన చేతిలోంచి జారిన నీళ్ళు ఏ చెరువులో కలిశాయో ఇంక తనకి తెలియదని ఆ నవ్వు బొమ్మ చూసినప్పుడు అర్థమైంది.

సాత్విక్ రెండు రోజులు మాట్లాడలేదు. మూడోరోజు ఫోను చేసి, "కవరు మీద ఆవిడ పేరు చెరిపింది నేను. ఆ ముక్క కూడా ఉత్తరంలో రాశావా?" అని అడిగాడు. 

"మేం అని రాశా."

"సరే. పేరుతో రాసినా పర్లేదు," అని పెట్టేశాడు.

సోమవారం మధ్యాహ్నం రామతులసి ఆఫీసులో పద్మశ్రీ ఆ జపనీస్ ఉత్తరాన్ని మొదట తనలో తాను చదువుకుంది. రామతులసి ఆమె మొహమే చూస్తోంది. రామకోటేశ్వరరావు కర్ర మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చున్నాడు. ఆయన కంటికి బుధవారం ఆపరేషను.

"చెప్పండి, నా వల్ల కావట్లేదు," అంది రామతులసి.

"హక్కులు తీసుకోలేదండి." పద్మశ్రీ ఊపిరి వదిలింది. "కానీ ఇప్పుడున్నది వెయ్యకూడదట. దిద్దినా సరే. మా ఫైళ్ళలోని వాక్యం ఒక్కటి కూడా ఉండకూడదు. మొదట్నించీ కొత్తగా చెయ్యాలి. జపనీస్ నించే చెయ్యాలి."

"ఎవరు చెయ్యాలి? జపనీస్ నించి తెలుగు చేసేవాళ్ళని నేనెక్కడ తేవాలి?"

"అనుమతి లేకుండా చేసిన మనిషి చెయ్యడం వాళ్ళకి ఇష్టం లేదని రాశారు. అయినా ఆ మనిషే ఒప్పుకుని రాసింది కాబట్టి, మీకు నమ్మకముంటే అభ్యంతరం పెట్టరట." కింది వాక్యం దగ్గర ఆగి, మళ్ళీ చదివి, మెల్లగా చెప్పింది. "అనువాదకురాలి పేరు మాత్రం మొదటి పేజీలో తప్పకుండా వెయ్యాలన్నారు. తప్పుంటే ఎవర్ని అడగాలో చదివేవాళ్ళకి తెలియాలట."

రామకోటేశ్వరరావు చిన్నగా తలాడించాడు.

"హయాసె తోమి గారు కూడా ఒక ముక్క రాశారు," అంది పద్మశ్రీ. "నూట పన్నెండో పేజీలో అక్షరాలు అచ్చులో వెయ్యొద్దట. ఎవరిచేతైనా చేత్తో రాయించి, అంత చిన్నవిగానే ఉంచాలట. ముసలమ్మ ఆ మాట గట్టిగా అనదట."

అరవై ఒక్క సున్నాలున్న ప్రూఫుల కట్ట బల్ల మీద ఉంది. మూడేళ్ళ కిందట ఆదివారాలు కూర్చుని చేసిన వాక్యాలు, అందరూ మెచ్చుకున్నవి, బాగా కుదిరాయని తనే మురిసిపోయినవి, తప్పుల్లేనివి కూడా, అన్నీ అందులోనే ఉన్నాయి. పద్మశ్రీ ఆ కట్టకి దారం చుట్టి ముడేసి రామతులసికి అందించింది.

"ఇవి మీ దగ్గరే ఉంచండి. నాకు కనపడితే చెయ్యి అటే పోద్ది."

రామతులసి దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసింది. "పుస్తకం దసరాకి తెస్తానని అందరికీ చెప్పాను," అంది, ప్రత్యేకించి ఎవరితోనూ కాకుండా. "ఇప్పుడు వచ్చే వేసవి అని చెప్పాలి. చెప్తాను. ఎవరెవరు ఏమంటారో విందాం." వచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంది. "మొదలుపెట్టండి మరి. ప్రతి సోమవారం వస్తారా?"

"సోమవారం ల్యాబు సెలవు అడుగుతానండి. మిగతా రోజులు ఇంటి దగ్గర చేస్తా."

రామకోటేశ్వరరావు గొంతు సవరించుకున్నాడు. "మొట్టమొదటి మాట నించి సందేహమేనమ్మా నాకు. నీ పాతదాంట్లో మనవరాలు అమ్మమ్మని ‘నువ్వు’ అంటుంది. మన ఇళ్ళల్లో అంతే. కానీ అక్కడ ఆ పిల్ల ఆవిడ దగ్గరికి కొత్తగా వచ్చింది కదా? అప్పుడే నువ్వు అంటుందా? మీరు అంటుందా? అంటే, ఎప్పటిదాకా అంటుంది?"

పద్మశ్రీ జవాబు చెప్పడానికి నోరు తెరిచింది. మూడేళ్ళ కిందట ఆ ప్రశ్న తనకి తట్టనే లేదు. మొదటి అధ్యాయం దొరికిన రోజే తెలుగు చేసి, ఆ సాయంత్రమే గ్రూపులో పెట్టింది. రెండో అధ్యాయంలో ఏమవుతుందో అప్పటికి తనకీ తెలీదు.

"ఇప్పుడే చెప్పలేనండి," అంది. "ముందు ఆఖరిదాకా మళ్ళీ చదవాలి."

"పన్నెండు సంపుటాలూనా?"

"అన్నీ."

రామతులసి గోడమీద క్యాలెండరు వైపు చూడబోయి మానుకుంది. లేచి, ఫ్యాను కాస్త జోరుగా తిప్పి, గుమ్మం దగ్గర చెప్పుల చప్పుడు రాకుండా తలుపు దగ్గరగా వేసింది. పద్మశ్రీ పుస్తకాన్ని కుడివైపు నించి తెరిచి, మోచేతులు బల్ల మీద ఆనించి, అప్పటికే మూడో పేజీలో ఉంది.